ఒక టీవీ, రెండు డిష్‌లు

"వచ్చిందా?"
"ఇంకా రాలేదు!"
"ఇప్పుడో?"
"ఆ... వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!"

డాబా మీద చేపముల్లు లాంటి యాంటెన్నాని తిప్పే నాన్నకీ, కింద టీవీ ముందు నిలబడ్డ మనకీ మధ్య ఆదివారం సినిమాకి ముందు నడిచిన ఈ మాటలు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కువైట్‌లో పెరుగుతున్న మన పిల్లలకి ఆ సరదా తెలియదు. కానీ అబ్బాసియాలోనో, సాల్మియాలోనో ఏ మేడ ఎక్కినా వాళ్ళకి డిష్‌ల అడవి కనిపిస్తుంది. "ఒక్క టీవీకి ఇన్ని డిష్‌లు ఎందుకు?" అని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి?

డిష్ మన తెలుగువాళ్ళకి కొత్తదేం కాదు. 1975-76లో సైట్ అనే ప్రయోగంలో భాగంగా, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు అందించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ళగూటికి వాడే వలతో చేసిన పది అడుగుల డిష్‌లే అప్పటి యాంటెన్నాలు!

ఇక అసలు విషయానికొద్దాం. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి సరిగ్గా పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. కువైట్ భూమధ్యరేఖకి 29 డిగ్రీలు ఉత్తరాన ఉంది కాబట్టి ఇక్కడి డిష్‌లన్నీ దక్షిణం వైపే చూస్తాయి. అయితే అరబ్బీ ఛానెళ్ళ అరబ్‌శాట్ 26 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అది మనకి నైరుతి దిక్కు. మన దక్షిణాది ఛానెళ్ళని మోసిన ఇంటెల్‌శాట్-17ని 2010లో ప్రయోగించి 66 డిగ్రీల తూర్పున నిలిపారు. అది ఆగ్నేయం. ఒక డిష్ ఒకేసారి నైరుతినీ ఆగ్నేయాన్నీ చూడలేదు. అందుకే రెండోది.

మొదట్లో మేమూ ఒక పొరపాటు చేశాం. పిల్లల అమ్మమ్మ ఊరినుంచి వచ్చారని ఆవిడ కోసం రెండో డిష్ పెట్టించాం. రెండు తీగలనీ మామూలు స్ప్లిట్టర్‌తో కలిపి ఒకే తీగగా కిందికి దించాం. తెలుగూ రాలేదు, అరబ్బీ కూడా పోయింది! ఇంజనీరింగ్ చదివిన మాకు ఆవిడ ముందు తలకొట్టేసినట్టయింది.

కారణం చాలా తేలిక. డిష్ ముందు ఉండే ఎల్.ఎన్.బి. ఆకాశం నుంచి వచ్చిన సిగ్నల్‌ని సుమారు 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌ల మధ్యకి దించి తీగలోకి పంపుతుంది. రెండు డిష్‌లూ అదే చోటుకి దించుతాయి. ఒకే చెవిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏ మాటా అర్థం కానట్టే ఇది కూడా.

అప్పుడు తీగ మార్చి మార్చి పెట్టుకున్నాం. అది అమ్మమ్మకి చేతకాదు. మేము ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆవిడ నల్లటి టీవీ ముందు ఊరికే కూర్చునేవారు, ఎవరినీ అడిగేవారు కాదు. చివరికి దారి చూపించింది డైసెక్ స్విచ్ అనే చిన్న డబ్బా. ఛానెల్ మార్చగానే రిసీవర్ అదే తీగ మీద 22 కిలోహెర్ట్జ్ సంకేతంతో "ఇప్పుడు రెండో డిష్" అని చెబుతుంది. స్విచ్ ఆ ఒక్క డిష్‌నే కలుపుతుంది. నాలుగు డిష్‌ల దాకా పట్టే స్విచ్‌లు మామూలుగా దొరుకుతాయి. రిసీవర్ మెనూలో ఏ ఉపగ్రహం ఏ పోర్టులో ఉందో చెప్పడం మాత్రం మరిచిపోకండి.

మరి సిగ్నల్ బలహీనంగా ఉంటే అదే దిక్కుకి రెండు డిష్‌లు పెట్టి కలపవచ్చా? ఇంట్లో అది అయ్యే పని కాదు. రెండింటి తరంగాలూ సెంటీమీటరులో కొద్ది భాగం కూడా తేడా లేకుండా కలవాలి. దానికన్నా పెద్ద డిష్ మేలు. వ్యాసం రెట్టింపయితే వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది. గోడలకి తగిలి తిరిగే సిగ్నల్‌తో పనిచేసే వైఫైలో మాత్రం ఎక్కువ యాంటెన్నాలు ఉపయోగపడతాయి. ఒకదానికి సరిగా అందనిది ఇంకొకదానికి అందుతుంది. రూటర్ మీద అన్ని కొమ్ములు ఉండేది అందుకే.

ఇంకో మాట. పాత టీవీలో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడేవి, బొమ్మ మాత్రం ఉండేది. డిజిటల్‌లో అలా కాదు. ఒక హద్దు దాకా చక్కగా ఉండి, ఆపైన గళ్ళుగళ్ళుగా విరిగి మాయమవుతుంది. కాబట్టి డిష్ తిప్పేటప్పుడు రిసీవర్‌లో "స్ట్రెంత్" గీతని కాక "క్వాలిటీ" గీతని చూడండి. తిప్పే ముందు మీ ఛానెల్ ప్రస్తుతం ఏ ఉపగ్రహం మీద ఉందో కనుక్కోండి, అవి మారుతూ ఉంటాయి. హారిస్‌ని అడిగి, పెద్దవాళ్ళతోనే మేడ ఎక్కండి. వేసవి మధ్యాహ్నం ఇనుప డిష్ చెయ్యి కాలుస్తుంది, జాగ్రత్త.

ఫోన్‌లో అన్నీ వస్తుంటే ఈ తంటా ఎందుకు అనవచ్చు. ఫోన్ ఎవరి చేతిలోది వారిదే. స్విచ్ పెట్టిన మర్నాటి నుంచి అమ్మమ్మ రిమోట్ తనే నొక్కుకున్నారు. పిల్లలు పక్కన చేరి "మొండితనం అంటే ఏంటమ్మమ్మా?" అని అడగడం మొదలుపెట్టారు. శుక్రవారం తరగతిలో మేము చెప్పే పాఠానికి అది ఇంట్లో రోజూ జరిగే పునశ్చరణ అన్నమాట!