ఆడపడుచు కాపాడిన అందాల ఊరు

ఇటలీ చూసొచ్చినవాళ్లు ఫ్లోరెన్స్ గురించి చెప్పకుండా ఉండరు. ఆర్నో నది ఒడ్డున ఉన్న ఈ పాత ఊళ్లో ఎటు చూసినా చిత్రాలూ, శిల్పాలే! అవన్నీ ఊరు దాటిపోకుండా ఆపింది ఓ ఆడపడుచని మీకు తెలుసా?

ఆమె పేరు అన్నా మరియా లుయీసా. ఫ్లోరెన్స్‌ని ఏలిన మెదిచీ వంశంలో ఆఖరి మనిషి. జర్మనీకి కోడలిగా వెళ్లి, భర్త పోయాక 1717లో పుట్టింటికి తిరిగొచ్చింది. పిల్లల్లేరు. 1737లో తమ్ముడూ పోవడంతో రాజ్యం లొరేన్ వంశం చేతికెళ్లింది. దాన్ని ఆపడం ఆమె వల్ల కాదు. అయితేనేం, పుట్టింటి కళాసంపదలో ఒక్కటీ ఊరు దాటకూడదని ఆ ఏడే కొత్త ప్రభువుతో ఒప్పందం రాయించుకుంది. జనానికి ఉపయోగపడాలనీ, పరాయి దేశాలవాళ్లు చూడ్డానికి రావాలనీ కూడా అందులో రాయించింది. ఎంత ముందుచూపో!

ఉఫీజీ మ్యూజియంలో బొత్తిచెల్లి గీసిన వీనస్ ముందు నిలబడ్డప్పుడు ఆవిణ్ని ఓసారి తలుచుకోండి. పక్కనే పోంటే వెక్కియో వంతెన. 1345 నాటిది. దానిమీద మాంసం కొట్లుండేవి. 1593లో ప్రభువు వాటిని ఖాళీ చేయించి బంగారం పనివాళ్లకిచ్చాడు. ఇప్పటికీ అక్కడ నగల దుకాణాలే!

ఊరి మధ్యనున్న పెద్ద చర్చి గుమ్మటాన్ని బ్రూనెల్లెస్కీ 1420లో మొదలెట్టి 1436కి పూర్తిచేశాడు. కిందనుంచి కర్రల దన్ను లేకుండా, ఇటుకల్ని చేపముల్లు వరసలో పేర్చుకుంటూ పోయారు. పైకి 463 మెట్లు. లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులుంటే కిందనుంచి చూసినా చాలు.

అక్కణ్నించి కాస్త నడిస్తే, ఆయనే రూపకల్పన చేసిన అనాథ శిశువుల ఆశ్రమం ‘ఇన్నొచెంతి’ వస్తుంది. వరండా కమానుల మీద నీలిరంగు గుండ్రాల్లో పొత్తిగుడ్డల పసిపాపల బొమ్మలు ముద్దొస్తుంటాయి. 1445లో ఇక్కడ మొట్టమొదట చేరింది ఓ ఆడశిశువు. ఆ తర్వాతి కాలంలో కొందరు తల్లులు పతకాన్నో, నాణేన్నో రెండు ముక్కలు చేసి, ఒకటి బిడ్డ దగ్గర ఉంచి, రెండోది తమతో తీసుకెళ్లేవారు. ఎప్పటికైనా వచ్చి, రెండు ముక్కలూ కలిపి చూపించి, ‘నా బిడ్డే’ అనాలని ఆశ. బిడ్డల దగ్గరే మిగిలిపోయిన ఆ ముక్కలు ఇప్పుడక్కడి మ్యూజియంలో ఉన్నాయి. చూస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడినట్టవుతుంది.

ఉఫీజీకి సోమవారం సెలవు. ఈ ఊరికి రెండ్రోజులైనా కేటాయించుకోండి. అందులో ఓ గంట ఆ సగం పతకాలకి అట్టేపెట్టండి.