చిప్‌లోని రెసిస్టరును నమ్మి మోటారు నడపవచ్చునా?

తడ, సత్యవేడు, నగరి ప్రాంతాల నుండి పెండ్లి సరకులకై సౌకార్‌పేటకు వెళ్లే కుటుంబాలలో ఇంజనీరింగు చదివే పిల్లలుంటే, వారి చూపు మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్ మీద ఉంటుంది. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు చెన్నైలో పేరున్న వీధి అది. అక్కడ ఆర్డుయినో బోర్డు, రిలే కొని, ఇంటి తొట్టి ఖాళీ కాగానే బోరు మోటారు దానంతటదే తిరిగేలా అమర్చుకోవాలన్న ఉత్సాహం మెచ్చదగినదే. అయితే రూపాయి, రెండు రూపాయల రెసిస్టరు వద్ద పొదుపు చేస్తే ఆ అమరిక ప్రమాదకరం కాగలదు.

స్విచ్చు తెరచి ఉన్నప్పుడు చిప్ పిన్నుకు ఏ ఆధారమూ ఉండదు. పక్కనున్న కరెంటు తీగ ప్రభావానికే అది కట్టు విప్పిన దూడలా అటూ ఇటూ పోతుంది. దానిని 5 వోల్టుల వైపు పట్టి ఉంచేది పుల్‌అప్ రెసిస్టరు. గ్రౌండు వైపు పట్టి ఉంచేది పుల్‌డౌన్. ఆర్డుయినో ఉనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో పుల్‌అప్ లోపలే ఉంది. దాని విలువ 20 నుండి 50 కిలోఓముల మధ్య ఎంతైనా కావచ్చు. పుల్‌డౌన్ అసలే లేదు.

బోర్డు మీది బటనుకు ఇది చాలును. అక్కడ కూడా బయటి రెసిస్టరు కావాలనడం చాదస్తం. మిద్దె మీది తొట్టి వరకు సాగే తీగ సంగతి వేరు. తొట్టి ఖాళీ అయితే ఫ్లోట్ స్విచ్చు పిన్నును గ్రౌండుకు కలిపి మోటారును నడుపుతుందనుకుందాం. తొట్టి నిండే ఉంది, కాని స్విచ్చులో తడి చేరి 20 కిలోఓముల దారి ఏర్పడింది. లోపలి రెసిస్టరు 50 కిలోఓములైతే పిన్నుపై సుమారు 1.4 వోల్టులే మిగులుతాయి. చిప్ దానిని సున్నాగా చదువుతుంది, మోటారు తిరుగుతుంది. బయట 4.7 కిలోఓములు పెడితే అదే తడిలోనూ దాదాపు 4 వోల్టులు నిలుస్తాయి, మోటారు కదలదు.

ఇంతకన్నా ముఖ్యమైనది కరెంటు పోయి వచ్చే క్షణం. ప్రోగ్రాము మొదలై ఆజ్ఞ ఇచ్చేవరకు రిలేను నడిపే పిన్ను గాలిలోనే ఉంటుంది. ఆ కొద్దిసేపు రిలే తగులుకోకుండా ట్రాన్సిస్టర్ బేసుకూ గ్రౌండుకూ మధ్య 10 కిలోఓములు తప్పనిసరి. అది ఉన్నా సరే, కరెంటు లేదు కదా అని మెయిన్ స్విచ్చు దించకుండా మోటారు మీద చేయి వేయరాదు. కరెంటు రాగానే ప్రోగ్రామే దానిని తిప్పవచ్చు.

కొత్త చిప్‌లలో ఈ చిక్కు ఉండదనుకోవడానికీ లేదు. 2024లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వారి ఆర్‌పీ2350 తొలి చిప్‌లలో, లోపలి పుల్‌డౌన్ ఉన్నా పిన్ను 2.2 వోల్టుల దగ్గర చిక్కుకుపోయేది. బయట 8.2 కిలోఓములు లేదా అంతకన్నా తక్కువ పెట్టుమని తయారీదారులే సూచించారు. తరువాతి చిప్‌లలో ఆ లోపాన్ని సరిచేశారు.

కొనేటప్పుడు రంగులు చూసుకోండి: పసుపు, ఊదా, ఎరుపు గీతలుంటే 4.7 కిలోఓములు, గోధుమ, నలుపు, నారింజ అయితే 10. పుల్‌అప్‌ను తొట్టి దగ్గర కాక బోర్డు వైపు, పిన్నుకు ఆనుకొని అతికించాలి.