లైసెన్స్ వచ్చాక బైక్ ట్రైనింగ్ తీసుకుంటే ప్రమాదాలు తగ్గుతాయా..? ఆస్ట్రేలియాలో 2,399 మందిపై పరీక్షిస్తే తేలింది ఇదీ!

ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని 30 రోజులు ఆగారు. స్లాట్ బుక్ చేశారు. ట్రాక్‌పై కాలు కింద పెట్టకుండా 8 వేశారు. కార్డు ఇంటికొచ్చింది. మన దగ్గర బైక్ నేర్చుకోవడం దాదాపు ఇక్కడితో అయిపోయినట్టే. కానీ ఆ ట్రాక్‌పై డివైడర్ గ్యాప్‌లోంచి దూసుకొచ్చే ఆటో లేదు. రాత్రిపూట హైబీమ్‌తో ఎదురొచ్చే లారీ లేదు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు లేవు. అవన్నీ లైసెన్స్ జేబులో పెట్టుకున్నాకే ఎదురవుతాయి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వీరిలో 44.5 శాతం మంది టూవీలర్లపై ఉన్నవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడిపినవారు కూడా కాదు, వెనక కూర్చున్నవారు.

మరి లైసెన్స్ వచ్చిన కొత్తలోనే ఒక పూట మంచి కోచ్‌తో శిక్షణ ఇప్పిస్తే ఇవి తగ్గవా? ఎవరిని అడిగినా 'ఎందుకు తగ్గవు' అనే అంటారు. ఆస్ట్రేలియా మాత్రం ఆ మాటను నిజంగా పరీక్షించి చూసింది. వచ్చిన ఫలితం చాలామంది ఊహించనిది.

సగం మందికి ట్రైనింగ్.. సగం మంది వెయిటింగ్

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 'విక్‌రైడ్' పేరుతో ఒక కార్యక్రమం పెట్టారు. లైసెన్స్ కొత్తగా వచ్చిన బైకర్ల కోసమే ఇది. ఖాళీ గ్రౌండ్‌లో కోన్‌ల మధ్య తిప్పడం కాదు. కొద్దిమందిని చిన్న గ్రూపుగా చేసి, కోచ్ వెంట అసలైన రోడ్డుపై తిప్పుతారు. మధ్యమధ్యలో ఆపి 'ఆ జంక్షన్‌లో ఏం గమనించావు, ఎందుకు స్లో చేయలేదు' అంటూ మాట్లాడిస్తారు. మొత్తం ఒక పూట పని.

2010 నుంచి 2012 మధ్య 2,399 మంది కొత్త రైడర్లను ఇందులోకి తీసుకున్నారు. చీటీ వేసినట్టుగా కొందరికి వెంటనే శిక్షణ ఇచ్చారు, మిగతావారిని తర్వాత ఇస్తామని ఆపారు. ఇలా చేయడం ముఖ్యం. ఎందుకంటే తమంతట తాము ట్రైనింగ్‌కు వచ్చేవారు సాధారణంగా జాగ్రత్తపరులే అయ్యుంటారు. వాళ్లకు ప్రమాదాలు తక్కువైతే అది ట్రైనింగ్ గొప్పతనమో, వాళ్ల స్వభావమో చెప్పలేం. చీటీ పద్ధతిలో ఆ తేడా పోతుంది. తర్వాత ఏడాది పాటు పోలీసు రికార్డులు చూశారు, రైడర్లనూ అడిగారు.

2016లో ఫలితాలు అచ్చయ్యాయి. ట్రైనింగ్ తీసుకున్నవారికీ, తీసుకోనివారికీ ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతేకాదు.. ట్రైనింగ్ తీసుకున్నవారు ఏడాది తిరిగేసరికి ఎక్కువగా బండి నడుపుతున్నారు. స్పీడ్ పెంచారు. తమపై తమకు నమ్మకమూ పెరిగింది. అంటే ప్రమాదానికి దారితీసే అలవాట్లే కాస్త పెరిగాయన్నమాట!

ఎందుకిలా జరిగింది?

ఒక పూటలో నైపుణ్యం పెరిగేది కొంచెమే. 'నాకు వచ్చేసింది' అనే ధీమా మాత్రం చాలా పెరుగుతుంది. ఆ రెండింటి మధ్య గ్యాపే ప్రమాదం. నార్వేలో 1980లలో కార్లు నేర్చుకునేవారికి జారుడు రోడ్లపై అదుపు ఎలా చేయాలో నేర్పిస్తే, కుర్రాళ్లలో ప్రమాదాలు పెరిగాయి. మంచు మీద కూడా నడపగలం అనుకున్నవాడు మంచు పడినప్పుడు స్లో చేయడు కదా.

విక్‌రైడ్ ఒక్కటే కాదు. 2010లో బైక్ శిక్షణలపై 23 అధ్యయనాలను ఒకచోట పెట్టి పరిశీలించినప్పుడూ ఫలానా శిక్షణతో ప్రమాదాలు తగ్గుతాయని తేల్చలేకపోయారు. లైసెన్స్‌కు ముందే శిక్షణ తప్పనిసరి చేస్తే కొందరు అసలు బైక్ జోలికే రారని, ఆ మేరకు ప్రమాదాలు తగ్గొచ్చని మాత్రం అన్నారు.

అలాగని శిక్షణ దండగ అనుకుంటే అదీ పొరపాటే. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 900 బైక్ ప్రమాదాలను స్పాట్‌కు వెళ్లి పరిశోధించి, 1981లో హ్యారీ హర్ట్ బృందం ఇచ్చిన రిపోర్ట్ ఈ రంగంలో ఇప్పటికీ పేరున్నదే. ప్రమాదాలకు గురైన రైడర్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్లు, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారు. మన దగ్గర బాబాయో, అన్నయ్యో వెనక కూర్చుని 'క్లచ్ వదులు.. మెల్లగా' అని నేర్పినట్టే. ప్రమాదం తప్పించుకోవడానికి వారికి దొరికిన టైమ్ 2 సెకన్ల లోపే. ఆ కాస్త టైమ్‌లో చాలామంది ఒకే తప్పు చేశారు. వెనక బ్రేక్ గట్టిగా తొక్కి చక్రం లాక్ చేసి స్కిడ్ అయ్యారు, ముందు బ్రేక్‌ను మాత్రం సరిగ్గా వాడలేదు.

'ముందు బ్రేక్ వేస్తే పల్టీ కొడతావు' అనేది మన ఊళ్లలో ప్రతి కొత్త రైడర్‌కూ చెప్పే మాట. సగమే నిజం. బ్రేక్ వేయగానే బరువంతా ముందు చక్రంపైకి వస్తుంది. అందుకే పొడి రోడ్డుపై బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేక్‌దే. ఒక్కసారిగా పట్టేస్తేనే చిక్కు. అదే లివర్‌ను నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగిస్తూ పోతే, టైరు రోడ్డును పట్టుకునే టైమ్ దొరుకుతుంది. ఇసుక ఉన్నచోట, తడి రోడ్డుపై, బండి వంచి ఉన్నప్పుడు ఇంకా సున్నితంగా వేయాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, అంతకంటే చిన్నవాటికి రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి చేశారు. సెకండ్ హ్యాండ్ బండి కొన్న కుర్రాడికి ఆ రెండూ ఉండకపోవచ్చు.

ఒక లెక్క చూడండి. 40 కి.మీ. స్పీడ్‌లో ఉన్నప్పుడు ఎదురుగా గేదె అడ్డొచ్చింది. చూసి బ్రేక్ మీద చేయి పడేసరికి ఒక సెకను అనుకుంటే, బండి అప్పటికే 11 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డుపై రెండు బ్రేకులూ బాగా వేస్తే ఆగడానికి మరో 9 మీటర్లు. మొత్తం 20 మీటర్లు, ఒక క్రికెట్ పిచ్ పొడవు. అదే 60లో అయితే 17 ప్లస్ 20, దాదాపు రెండు పిచ్‌లు. స్పీడ్ పెరిగింది ఒకటిన్నర రెట్లే, కానీ బ్రేక్ వేశాక జారే దూరం రెండు రెట్లు దాటింది.

ట్రైనింగ్‌లో చేరాలంటే ఏం చూడాలి?

లీన్ చేసి మోకాలు ఆనించడం, డ్రిఫ్ట్, స్టంట్.. ఇలాంటివి చూపించి పిలిచే క్లాస్ అయితే కొత్తవారికి దూరంగా ఉండటమే మేలు. కొత్తవాళ్ల ప్రమాదాలు రేస్ ట్రాక్ టెక్నిక్ రాక జరగవు. ఎమర్జెన్సీ బ్రేకింగ్ పదేపదే చేయిస్తారా, జంక్షన్ దగ్గరికి వచ్చేటప్పుడు ఏ వాహనం ఏం చేయొచ్చో ముందే ఊహించడం నేర్పుతారా అని అడగండి. ఇంకో ప్రశ్న కూడా: నెల రెండు నెలల తర్వాత మళ్లీ పిలిచి చూస్తారా? ఒక్క పూటతో సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేస్తే విక్టోరియాలో జరిగిందే ఇక్కడా జరగొచ్చు.

విక్టోరియా ఆ తర్వాత ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. 2016 నుంచి లైసెన్స్‌కు ముందే మెట్లు పెట్టింది. లెర్నర్ పర్మిట్ కోసం రెండు రోజుల కోర్సు, మధ్యలో రోడ్డుపై చెక్ రైడ్, ఆ తర్వాతే చివరి పరీక్ష. కొత్తవారు ఎంత పవర్ ఉన్న బండి పడితే అది నడపడానికి లేదు. మద్యం ఒక్క చుక్క తాగినా తప్పే. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. అంటే ధీమా పెంచడం కంటే, ధీమా ఎక్కువైనా నష్టం తక్కువ జరిగేలా చూడటంపై దృష్టి పెట్టారు. మెల్‌బోర్న్‌లో ఉంటున్న తెలుగు కుర్రాళ్లకు ఈ రూల్స్ బాగానే తెలుసు.

మన చట్టంలో కొత్త రైడర్‌కు ఇలాంటి కట్టడి లేదు. లైసెన్స్ వచ్చిన రోజే 350 సీసీ బండి తీయొచ్చు, ఫ్రెండ్‌ను ఎక్కించుకోవచ్చు. కాబట్టి ఆ నియమం ఇంట్లోనే పెట్టుకోవాలి. మొదటి కొన్ని నెలలు వెనక సీటు ఖాళీగా ఉంచమని చెప్పడం తల్లిదండ్రులకు పైసా ఖర్చు లేని పని. ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌లో హెల్మెట్, షూస్ వేసుకుని ముందు 20, తర్వాత 30 స్పీడ్‌లో రెండు బ్రేకులతో ఆపడం ఓ పదిహేను సార్లు చేయించండి. ఎక్కడ ఆగిందో చాక్‌పీస్‌తో గీత గీయండి. చేయి తిరిగాక వెనక ఒకరిని ఎక్కించుకుని, 20 స్పీడ్‌తోనే మొదలుపెట్టి మళ్లీ అదే చేయాలి. వెనక మనిషి ఉంటే బండి తీరే మారిపోతుంది. బ్రేక్ వేయగానే ఆ బరువు వీపు మీదికి తోసుకొస్తుంది. చేతులు హ్యాండిల్‌పై బిగుసుకుపోతాయి. అది మొదటిసారి హైవే మీద కాకుండా, గ్రౌండ్‌లోనే తెలియాలి.