క్యూఆర్ స్కాన్ చేసే ముందు... ఒక్క పది నిమిషాలు!

2024 సెప్టెంబర్ 1. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అదే వానలకి ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చేసింది. ఆ వారం మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు నిండా క్యూఆర్ కోడ్‌లే. పంపినవాళ్లలో నిజంగా సాయం చేసేవాళ్లూ ఉంటారు, వరదని అదనుగా చూసుకునేవాళ్లూ ఉంటారు. ఫోన్‌లో మాత్రం ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు!

నేను కోడ్ రాసుకునే మనిషిని. ఎవరో పంపిన కోడ్‌ని చదవకుండా ప్రొడక్షన్‌లో పెట్టం కదా. దానమూ అంతే. అపాత్రదానం వద్దని పెద్దవాళ్లు ఊరికే అన్లేదు. నేను చూసేవి ఇవీ.

డబ్బు ఎవరి ఖాతాకి? యూపీఐలో ‘పే’ నొక్కే ముందు ఖాతాదారు పేరు కనిపిస్తుంది. పోస్టర్ మీద ట్రస్టు పేరుండి, స్క్రీన్ మీద ఎవరో వ్యక్తి పేరొస్తే అక్కడే ఆగండి. ఫార్వర్డ్‌లో వచ్చిన కోడ్ వదిలేసి, సంస్థ సొంత సైట్‌లోంచే పంపండి. ముఖ్యమంత్రి సహాయనిధికైనా ఇదే రూలు.

రిజిస్ట్రేషన్ ఉందా? నీతి ఆయోగ్ వాళ్ల దర్పణ్ పోర్టల్‌లో పేరు వెతకండి. ఆదాయపన్ను శాఖ ఇచ్చిన 80జీ అనుమతి అడగండి. ఇవి ఉంటే సంస్థ నిజంగా ఉందని తెలుస్తుంది. నిజాయతీకి మాత్రం ఇవి గ్యారంటీ కాదు.

లెక్క చెబుతారా? ఆడిట్ రిపోర్టు చూడండి. ‘ఏ వీధిలో, ఏం ఇస్తున్నారు?’ అని ఒక మెయిల్ కొట్టండి. జవాబులో కాలనీ పేరు, సామాన్ల లిస్టు ఉంటే మంచి గుర్తు. ‘అందరికీ అన్నీ’ అంటే నాకైతే డౌటే.

ఎప్పుడివ్వాలి? మొదటి రోజుల్లో అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు కావాలి. వరద తీశాక ఇంకో కష్టం మొదలవుతుంది. ఇంటి నిండా బురద, పాడైన స్టవ్, స్టార్ట్ కాని ఆటో, తడిసిన సర్టిఫికెట్లు. అప్పటికి మన ఫోన్లలో ట్రెండింగ్ మారిపోయి ఉంటుంది. అందుకే నేను సగం వెంటనే ఇస్తా. మొదటి సగం ఏమైందో చూసి, మిగతాది నెల తర్వాత పంపిస్తా.

రసీదు తప్పకుండా అడగండి. 2 వేలు దాటిన నగదు విరాళానికి 80జీ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలే లేదు. అమెరికాలో ఉన్న అన్నయ్యలూ, అక్కలూ! అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న సంస్థకే ఇవ్వాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు.

డబ్బు మోసగాళ్ల చేతికి వెళ్లిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.

మోసాలకి భయపడి ఇవ్వడమే మానేస్తే, ఆ నష్టం బురద కడుక్కుంటున్న కుటుంబానిదే. పది నిమిషాలు చూసుకోండి. ఆ తర్వాత ధైర్యంగా ఇవ్వండి.