డీజిల్ జనరేటర్ పొగ: లక్షణ పరిశీలన, కారణ నిర్ణయం, నివారణ

వ్యాససంగ్రహం

డీజిల్ జనరేటర్ వదిలే పొగ ఇంజిన్‌లోని లోపాన్ని తెలిపే తొలి గుర్తు. అయితే ఒకే రంగు పొగకు పలు కారణాలు ఉంటాయి. అందువల్ల రంగును మాత్రమే చూసి విడిభాగాలు మార్చడం తరచు వృథా వ్యయానికి దారితీస్తుంది. పొగ రంగుతోపాటు అది కనిపించే సమయం, అప్పటి లోడు, వాసన, ఆయిల్, కూలెంట్ మట్టాలను కలిపి పరిశీలించి కారణాన్ని నిర్ణయించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: డీజిల్ జనరేటర్, పొగ, దహనం, అనుమానం, ఉపాధి, లోడు, వెట్ స్టాకింగ్.

1. ఉపోద్ఘాతం

గోదావరి, కృష్ణా డెల్టాల్లోని రొయ్యల చెరువుల్లో రాత్రివేళ విద్యుత్తు పోతే ఏరియేటర్లు నిలిచిపోతాయి. నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గి, కొద్ది గంటల్లోనే రైతు పంట మొత్తం చేజారే ప్రమాదం ఉంది. ఆసుపత్రి శస్త్రచికిత్స గదికైతే అంత వ్యవధి కూడా ఉండదు. ఇటువంటి చోట్ల జనరేటర్ పొగ వదలడం మొదలుపెట్టినప్పుడు లోపం ఎక్కడుందో సరిగా గుర్తించడం డబ్బుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు.

పొగను చూసి కారణాన్ని ఊహించడం భారతీయ తర్కశాస్త్రానికి సుపరిచితమైన ప్రక్రియ. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుమాన ప్రమాణాన్ని వివరించడానికి వాడిన ఉదాహరణ కొండమీది పొగే. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ లేదు. నిప్పుకు తడి కట్టె తోడైనప్పుడే పొగ పుడుతుంది. ఇటువంటి అదనపు నిమిత్తాన్ని తార్కికులు 'ఉపాధి' అన్నారు. జనరేటర్ విషయంలోనూ వెదకవలసినది ఈ ఉపాధినే. ఇంజిన్‌లో నిప్పు ఎప్పుడూ ఉంటుంది; దానికి ఏది తోడై పొగ వస్తున్నదన్నదే ప్రశ్న.

2. పొగ పుట్టే తీరు

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా అదమడం వల్ల దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. ఆ వేడి గాలిలోకి ఇంజెక్టర్ చిమ్మిన డీజిల్ తుంపరలు తమంతట తామే అంటుకుంటాయి. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.5 కిలోల గాలి అవసరం. చాలినంత గాలి, చాలినంత వేడి, సన్నని తుంపర, సరైన సమయం అనే నాలుగూ కుదిరినప్పుడు, వేడెక్కి నిలకడైన లోడుమీద నడిచే ఇంజిన్ పొగ కంటికి దాదాపు కనిపించదు. వీటిలో ఏది తప్పినా, లేదా డీజిల్‌తోపాటు ఇంజిన్ ఆయిల్ గాని నీరు గాని దహనగదిలో చేరినా పొగ రూపంలో బయటపడుతుంది.

3. నల్లపొగ

నల్లపొగ అంటే పూర్తిగా కాలని ఇంధనం మిగిల్చిన మసి. గాలి తగ్గిందో, ఇంధనం ఎక్కువైందో తేల్చాలి. లోడు ఒక్కసారిగా పడినప్పుడు క్షణకాలం నల్లపొగ రావడం సహజం. నిలకడైన లోడులోనూ అది ఆగకపోతే ముందుగా లోడు పరిమితికి లోబడి ఉందో లేదో మీటరులో చూడాలి. తరువాత ఎయిర్ ఫిల్టర్‌ను పరిశీలించాలి. దుమ్ము పట్టిన ఫిల్టర్ స్థానంలో శుభ్రమైనది అమర్చి అదే లోడుమీద నడిపినప్పుడు పొగ తగ్గితే కారణం దొరికినట్లే. ఫిల్టర్ తీసివేసి నడపడం మాత్రం లైనర్లను అరగదీస్తుంది. టర్బోచార్జర్ ఉన్న ఇంజిన్లలో గాలి గొట్టాల జాయింట్లు వదులైనా ఇదే ఫలితం. ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే కారే ఇంజెక్టర్లు, తప్పిన టైమింగ్, వాల్వు క్లియరెన్సు వంటివాటి వైపు వెళ్లాలి.

4. తెల్లపొగ

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కాలకుండా ఆవిరైన డీజిల్, నీటి ఆవిరి రెండూ తెల్లగానే కనిపిస్తాయి. తెల్లపొగ చూడగానే హెడ్ గాస్కెట్ పోయిందని నిర్ణయించడం తర్కభాషలో సవ్యభిచార హేతువు; గాస్కెట్ బాగున్నచోట కూడా ఆ గుర్తు కనిపిస్తుంది.

ఈ రెండింటినీ వేరుచేసే లక్షణాలున్నాయి. నీటి ఆవిరి గొట్టం దాటగానే త్వరగా చెదిరిపోతుంది. కాలని డీజిల్ పొగ గాలిలో తేలుతూ ఉంటుంది, ఘాటైన వాసన వేస్తుంది, కళ్లు మండిస్తుంది. చలి ఉదయాన స్టార్టు చేసినప్పుడు కొద్దిసేపు తెల్లపొగ వచ్చి, ఇంజిన్ వేడెక్కగానే పోతే ఆందోళన అక్కరలేదు. వేడెక్కిన తరువాత కూడా ఘాటైన తెల్లపొగ వస్తుంటే ఇంధనంలో గాలి చేరడం, చెడిన ఇంజెక్టర్, ఆలస్యమైన టైమింగ్, తగ్గిన కంప్రెషన్ అనే వాటిలో ఒకటి కారణం కావచ్చు. కూలెంట్ మట్టం రోజురోజుకూ తగ్గడం, రేడియేటర్‌లో బుడగలు, ఆయిల్ పాలరంగుకు మారడం తోడైతే గాస్కెట్ లేదా సిలిండర్ హెడ్ లోపం బలపడుతుంది. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవరాదు. డీజిల్‌లో నీరు కలిసినా తెల్లపొగ వస్తుంది కనుక వాటర్ సెపరేటర్ నుంచి అడుగునీటిని వదిలి చూడాలి.

పాత మెకానికల్ పంపు ఇంజిన్లలో ఒక్కొక్క ఇంజెక్టర్ గొట్టం నట్టును వరుసగా వదులు చేసి లోపమున్న సిలిండర్‌ను గుర్తించే పద్ధతి ఉంది. నట్టు వదిలినా ఇంజిన్ వేగం మారని సిలిండర్ సరిగా పనిచేయడం లేదని అర్థం. కామన్ రైల్ ఇంజిన్లలో ఇంధన పీడనం 1000 బార్లకు మించుతుంది. వాటిలో ఈ పద్ధతి ప్రాణాపాయకరం.

5. నీలిపొగ

నీలిపొగ ఇంజిన్ ఆయిల్ కాలుతున్నదనడానికి గుర్తు. స్టార్టు చేయగానే కనిపించి తగ్గిపోతే వాల్వు సీళ్లను, లోడు పెరిగేకొద్దీ పెరిగితే పిస్టన్ రింగులు, లైనర్ల అరుగుదలను అనుమానించాలి. టర్బోచార్జర్ సీలు కూడా కారణం కావచ్చు. ఇంజిన్ విప్పడానికి ముందు ఆయిల్ మోతాదుకు మించి పోశారా, బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందా అని చూడటం అవసరం.

6. తక్కువ లోడు తెచ్చే సమస్య

భారం తక్కువైతే యంత్రం ఎక్కువకాలం మన్నుతుందనే భావన జనరేటర్ విషయంలో సరికాదు. 62.5 కె.వి.ఎ. జనరేటర్ 0.8 పవర్ ఫ్యాక్టర్ వద్ద 50 కిలోవాట్లు ఇస్తుంది. దానిమీద లిఫ్టు, మెట్ల దీపాలు కలిపి 8 కిలోవాట్లే ఉంటే లోడు 16 శాతం. దీర్ఘకాలం 30 శాతానికి తక్కువ లోడుమీద నడిచే ఇంజిన్ తగినంత వేడెక్కదు. డీజిల్ పూర్తిగా కాలదు. మిగిలిన ఇంధనం మసితో కలిసి సైలెన్సర్ జాయింట్ల వద్ద నల్లని జిడ్డుగా కారుతుంది. దీనినే వెట్ స్టాకింగ్ అంటారు. తార్కికుల తడి కట్టె ఇక్కడ అక్షరాలా కనిపిస్తుంది.

ఆ జిడ్డును ఆయిల్ లీకుగా పొరబడి ఇంజిన్ విప్పే అవకాశం ఉంది. ప్రారంభ దశలోనే గుర్తిస్తే లోడును క్రమంగా 70–75 శాతానికి పెంచి, పొగ శుభ్రపడే వరకు కొన్ని గంటలు నడిపితే చాలు. జిడ్డు బాగా పేరుకుంటే అది అంటుకునే ప్రమాదం ఉన్నందున ముందుగా సైలెన్సర్‌ను శుభ్రం చేయించాలి. వారంవారం జరిపే పరీక్షను ఖాళీగా కాక లోడుమీద జరపడం, అవసరానికి తగిన సామర్థ్యం గల జనరేటర్‌ను ఎంచుకోవడం దీనికి శాశ్వత నివారణ.

7. రంగు చెప్పలేని విషయాలు

పొగ కనిపించకపోవడం క్షేమానికి హామీ కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. మూసిన గదిలో జనరేటర్ నడపడం ప్రాణాంతకం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ ఇంజిన్ పొగను మానవులకు క్యాన్సర్ కలిగించే కారకాల జాబితాలో చేర్చింది. మన దేశంలో 800 కిలోవాట్ల వరకు ఉన్న కొత్త జనరేటర్లకు 2023 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన సి.పి.సి.బి. 4 ప్లస్ ప్రమాణాల వల్ల పొగను శుద్ధిచేసే పరికరాల వాడకం పెరిగింది. మసిని పట్టే ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌లో లోపం ఉన్నా నల్లపొగ బయటకు రాకపోవచ్చు. అక్కడ కంట్రోల్ ప్యానెల్ హెచ్చరికలే తొలి గుర్తు.

8. ముగింపు

పొగ రంగు పరిశీలనకు దిక్కు చూపుతుంది. నిర్ణయానికి సమయం, లోడు, వాసన, ఆయిల్, కూలెంట్ మట్టాలు తోడు కావాలి. ఖర్చులేని పరిశీలనలతో ప్రారంభించి ఫిల్టర్లు, ఇంధనం, ఇంజెక్టర్లు, కంప్రెషన్ అనే క్రమంలో ముందుకు వెళ్లడం, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి అదే లోడుమీద ఫలితం చూడటం ఈ పద్ధతికి మూలసూత్రాలు. జనరేటర్ నడిపే వ్యక్తి నడిచిన గంటలు, లోడు, పోసిన ఆయిల్, పొగ రంగు, అది కనిపించిన సమయం ఒక పుస్తకంలో రాసి ఉంచితే, మెకానిక్ వచ్చేసరికి పరిశీలనలో సగం పూర్తయి ఉంటుంది. చెరువుగట్టు మీద రాత్రివేళ ఆ పుస్తకమే అతనికి అన్నిటికంటే అవసరమైన ఆధారం.