మైదానంలో పూర్తయ్యే పాఠం

ఆటలు ఆడించడం కూడా ఒక విద్యే. మెడలో ఈల వేసుకుని, పిల్లలను మైదానంలోకి వదిలి, తాము చెట్టు నీడన కూర్చునేవారు క్రీడా శిక్షకులు కారు. తరగతిలో నేర్చినది పిల్లల ఎదుట నిలిచినప్పుడు ఎంతవరకు ఉపకరిస్తుందన్నదే ఈ విద్యకు అసలైన పరీక్ష.

ఇందుకు మన ఉత్తరాంధ్రలోనే ఒక ఆదర్శం ఉన్నది. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు బాల్యంలోనే విజయనగరం చేరి కుస్తీ అభ్యసించారు. దేహబలానికి కొదువ లేదు. అయినా మద్రాసులోని సైదాపేటకు వెళ్లి ఒక సంవత్సరం వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. తిరిగి వచ్చి, విజయనగరంలో తాము చదివిన పాఠశాలలోనే వ్యాయామ శిక్షకులయ్యారు. గుండెలపై ఏనుగును నిలిపిన సర్కసు వీరునిగా లోకం ఆయనను ఎరుగును. శ్రీకాకుళంలోని క్రీడా మైదానానికి ఆయన పేరే పెట్టారు. మాకు మాత్రం సర్కసుకు ముందరి ఆ ఘట్టమే విలువైనదిగా తోస్తుంది. బలం కలిగి ఉండటం వేరు, దానిని ఇతరులకు నేర్పగలగడం వేరు.

ప్రణాళిక, ఆచరణ

నేడు ఈ మార్గం ఎంచుకునే యువతకు రెండేళ్ల బి.పి.ఎడ్. కోర్సు ఉన్నది. ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లో పరుగు, గెంతు, ఆట నైపుణ్యం చూస్తారు. లోపల శరీర నిర్మాణ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, బోధనా పద్ధతులు చదివిస్తారు. ఆపైన ఛాత్రోపాధ్యాయులు పాఠ్య ప్రణాళిక వ్రాసుకుని బడిపిల్లలకు బోధించవలసి ఉంటుంది.

కాగితంపై ప్రణాళిక చక్కగానే ఉంటుంది: మొదట ఒళ్లు వేడెక్కించే కసరత్తు, పిదప నైపుణ్యం, చివర వినోదపు ఆట. మైదానంలో నలభై మంది పిల్లలు, ఒకే బంతి. మన కోస్తా ఉక్కపోతలో పది నిమిషాలకే అలసట. అప్పుడు గుంపులు చేసి వంతులు వేయాలి, నీడకు మళ్లించాలి, మంచినీళ్లకు వ్యవధి ఇవ్వాలి.

అంతకంటె సూక్ష్మమైన విషయం మరొకటి. ఇద్దరు నాయకులు తమ జట్టును ఏరుకుంటే బలహీనుడైన బాలుడు చివరకు మిగిలి చిన్నబోతాడు. ‘ఒకటి, రెండు’ అని లెక్కించి విభజిస్తే ఆ అవమానం ఉండదు. ఔటయినవారు బయట కూర్చునే ఆటలో, అభ్యాసం ఎక్కువ అవసరమైనవాడే ముందుగా బయటకు వస్తాడు. కొద్దిసేపటికి అతనిని మరల లోనికి పిలిచే నియమం చాలు. మనస్తత్వ శాస్త్రంలో చదివినది ఇక్కడే అర్థమవుతుంది. ఆట ముగిసిన పిదప జరిగినది వ్రాసుకుని, మరునాటి ప్రణాళికను సవరించుకున్నవారికే చదువు వంటపడుతుంది.

మా వృత్తిలోనూ ఇంతే. తజ్వీద్ నియమాలను కంఠస్థం చేసినంత మాత్రాన పఠనం రాదు; ఉస్తాద్ ఎదుట చదివి, దిద్దించుకుంటేనే వస్తుంది.

మన ఇళ్లలో

ఆటను కాలహరణమని తలచే పెద్దలు మనలో కొందరున్నారు. దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించారు. కనుక ఆడపిల్లల ఆటకు కూడా చోటు, సమయం, నేర్పే శిక్షకురాలు కావాలి.

అసర్, మగ్రిబ్ నమాజుల నడుమ ప్రతి వీధిలోనూ పిల్లలకు తీరిక చిక్కుతుంది. వ్యాయామ విద్య చదువుతున్న మన యువతీ యువకులు వారంలో రెండు సాయంత్రాలైనా ఆ పిల్లలకు కేటాయించాలి. చెడుగుడుకు, ఏడుపెంకులాటకు పెద్ద ఖర్చు లేదు. పిల్లలకు ఆరోగ్యం కలుగుతుంది. చదివినవారికి తమ విద్య ఏపాటిదో తెలుస్తుంది.