బంతి కింది పుల్ల

టీ అంటే మన క్యాంటీన్ టీ కాదు. గోల్ఫ్‌లో మొదటి దెబ్బ కొట్టే ముందు బంతిని నేల మీద కాస్త ఎత్తులో నిలబెట్టడానికి గుచ్చే చిన్న పుల్ల. కింద మొన, పైన బంతి కూర్చోడానికి చిన్న గుంట. దీని మీద వ్యాసమేందిరా అని మా రూమ్మేట్ నవ్వాడు కానీ, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ నాకు ఒంటబట్టింది మాత్రం దీనివల్లే.

దీన్ని నా నెత్తిన పెట్టింది మా మేనమామ. మాది ఆత్మకూరు. నెల్లూరుది కాదు, నల్లమల అంచున, శ్రీశైలం పోయే దారిలో ఉండేది. వానలు సరిగ్గా లేక మామ సేద్యం వదిలి హైదరాబాదు పోయి, ఒక గోల్ఫ్ ప్రాక్టీసు మైదానంలో పనికి కుదిరాడు. అక్కడ సిమెంటు మీద పరిచిన పచ్చటి మ్యాట్ల మీద నిలబడి బంతులు కొడతారు. మ్యాటుకు ఒక బొక్క, అందులోంచి పైకి వచ్చే రబ్బరు గొట్టం, అదే టీ. తెగినవి మార్చడం మామ పని. ఎక్కువ తెగితే మాట పడేదీ మామే. పోయిన సంక్రాంతికి తెగిన ముక్కలు ఒక సంచి నిండా తెచ్చి నా ముందు కుమ్మరించాడు.

"పొడుగువి నిలుస్తాండాయి, పొట్టివే తెగుతాండాయి. రెండూ ఒకే రబ్బరే గదరా! యాల? మీ ఇంజనీరింగులో ఇది చెప్తారా, ల్యాదా?"

మంచి ప్రశ్న. జవాబుకు ముందు, అసలు ఎత్తు ఎందుకు మారాలో చూద్దాం. డ్రైవర్ అనే పెద్ద తల కర్రతో కొట్టేటప్పుడు బంతిలో సగం కర్ర తల పై అంచు కంటే ఎత్తులో ఉండాలని నేర్పుతారు. ఐరన్లతో కొట్టేటప్పుడు పావు అంగుళం ఎత్తు చాలు. మట్టి నేలైతే చిక్కే లేదు, పుల్లను కొంచెం ఎక్కువో తక్కువో గుచ్చితే సరి. పుల్ల కూడా రాకముందు తడి ఇసుకను చిటికెడు కుప్ప చేసి దాని మీద బంతి పెట్టేవాళ్ళు. 1899లో బోస్టన్‌లో జార్జ్ గ్రాంట్ అనే దంతవైద్యుడు చెక్క మొన మీద వంగే గొట్టం ఉన్న టీకి పేటెంటు తీసుకున్నాడు. 1920ల్లో విలియం లోవెల్ అనే ఇంకో దంతవైద్యుడు ఎర్రరంగు పూసిన టీలు అమ్మి వాటికి జనంలో వాడుక తెచ్చాడు. వాటి పేరు 'రెడ్డి టీ'. మన సీమవాళ్ళు ఏ ఊరి రెడ్డి అని అడక్కండి, ఎరుపు నుంచి వచ్చిన పేరది.

సిమెంటు మీది మ్యాటులో పుల్ల దిగదు. అంటే మట్టి ఊరికే చేసిపెట్టే సర్దుబాటును మనం తయారు చేసుకోవాలి. ఒక్కో ఎత్తుకు ఒక్కో రబ్బరు గొట్టం పెట్టుకోవడం ఒక దారి. ఎత్తు మార్చుకోగల హోల్డర్ ఇంకో దారి.

ఇప్పుడు లెక్క. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. దాన్ని మోయడం పెద్ద పనేం కాదు. కర్ర తల సెకనుకు 40 మీటర్ల వేగంతో వస్తే, బంతికి దానికి మధ్య తాకిడి సుమారు అర మిల్లీసెకను. బంతి 60 మీటర్ల వేగంతో బయల్దేరిందనుకుంటే సగటు బలం దాదాపు 5,500 న్యూటన్లు, అంటే ఐదున్నర క్వింటాళ్ళ బరువంత. అయితే అది బంతి మీద పడేది. టీ చేయాల్సింది అంతవరకు కదలకుండా నిలబడి, వెంటనే పక్కకు వంగి దారివ్వడమే. "ఎద్దును కట్టే గూటం గట్టిగుండల్ల, ఇది గట్టిగుండగూడదు" అని మామ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

కింద బిగించి పైన వదిలేసిన గొట్టం ఒక క్యాంటిలీవర్. దాని బిగువు పొడవు ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఒకటిన్నర అంగుళాల టీ, మూడంగుళాల దానికంటే 8 రెట్లు బిగువు. పైగా, కర్ర వచ్చి రెండింటినీ ఒకే కోణానికి వంచితే, పొట్టిది సగం పొడవులోనే అంత వంపూ తిరగాలి. రబ్బరు సాగేది రెండింతలు. అందుకే పొట్టివి మొదట్లోనే చీలుతున్నాయి. మామ సంచిలో ముక్కలన్నీ దాదాపు అక్కడే తెగి ఉన్నాయి.

కాబట్టి ఒకే గొట్టాన్ని పైకీ కిందికీ జరిపితే సర్దుబాటు అయినట్టు కాదు. పైకి లాగితే ఊగుతుంది, కిందికి దించితే కర్రను అడ్డుకుంటుంది. నాకు నచ్చిన దారి, రెండు పనుల్నీ విడదీయడం. వంగే పని మ్యాటు కింద ఉండే మందపాటి రబ్బరు తొడుగుది. ఎత్తు చూసుకునే పని ఆ తొడుగులో బిగువుగా జారే ప్లాస్టిక్ పుల్లది. పుల్ల వంగదు, తొడుగే కీలులా వంగుతుంది. ఎత్తు రెండింతలైతే బిగువు తేడా 8 కాదు, 4 రెట్లే. ఇంకా మేలేమంటే, పుల్ల పొట్టిదైనా పొడుగుదైనా ఒక కోణానికి తొడుగు పడే శ్రమ ఒకటే.

కీలును ఇంకా లోతుగా పెడితే ఆ 4 కూడా తగ్గుతుంది. కానీ అప్పుడు పుల్ల వాలడానికి మ్యాటు బొక్క బాగా వెడల్పు కావాలి, లేకపోతే బొక్క అంచే కీలై పుల్లను కోస్తుంది. దెబ్బ పోయే వైపు బొక్కను సాగదీసి గాడిలా కోస్తే కొంత నయం.

పుల్లను ఎత్తులో ఆపడానికి మరలు పెడదామన్నాడు నా ప్రాజెక్టు జోడీ. దుమ్ము చేరితే మర పట్టేస్తుంది. పావు అంగుళానికొక గాడి ఉంటే చాలనుకున్నాం, నీళ్ళతో కడిగితే శుభ్రమవుతుంది. మామ పెట్టిన షరతు ఒకటే, పానా లేకుండా చేత్తో మార్చేట్టు ఉండాలి.

ఉగాదికి మూడు తొడుగులు ఇచ్చి పంపాం. ఒక మ్యాటులో మాది, పక్క మ్యాటులో పాత పొట్టి రబ్బరు పెట్టి మామ క్యాలెండర్ మీద గీతలు పెడుతున్నాడు. ఇది రాసేనాటికి పాతవి రెండు మారాయి, మొదటి తొడుగు ఇంకా పనిచేస్తోంది. పుల్ల మాత్రం గాడి చివర ఒరుసుకుంటోందట. దాన్ని ఇంకో రెండు మిల్లీమీటర్లు పెంచాలి.